కంభం చెరువు అవతల ఎర్ర అడవి

ఎర్రటి ఆకులు చూపిస్తానని ఇంటిల్లిపాదినీ పడవెక్కించి, అందరి చేతా కళ్ళనీళ్ళు పెట్టించి వెనక్కి తీసుకొచ్చిన మనిషిని మీరెక్కడన్నా చూసినారా? మీ ఎదురుగానే కూచుని టీ తాగుతా ఉండా, చూసుకోండి. నవ్వేదేదో చివర్లో ఒకేసారి నవ్వండి. ముందు నన్ను చెప్పనీయండి.

దీనికంతా మూలం మా ఆడబిడ్డ రూతు వదిన. ఆమె పెనిమిటిని నేను అన్నయ్యా అంటా, సెక్రటేరియట్లో గుమస్తా. రాజధాని కర్నూల్లో ఉన్నన్ని రోజులూ డేరాల్లో ఫైళ్ళు రాసుకుంటా మనలాగే ఉండిరి. రాజధాని హైదరాబాదుకు పోయింది, దాని వెంబడి వాళ్ళూ పోయినారు. ఇంక వదిన కంటికి మన గిద్దలూరు ఆనలేదు. పోయిన క్రిస్మస్‌కు వచ్చినప్పుడు, మీ ఊళ్ళో చూసేదానికి రైలు తప్ప ఏముంది సుగుణా, అది గూడా నిలబడదు గదా అనింది.

ఆ మాట నాకు తుమ్మముల్లు దిగినట్ల దిగింది.

సరిగ్గా అప్పుడే కంభంలో టీచర్ల మీటింగు వచ్చింది. అయిపోయినాక అందరమూ చెరువు కట్ట మీదికి పోయినాము. చూస్తే, నీళ్ళకు ఆ పక్క, కొండ కింద, ఒక వాలు మొత్తం ఎర్రగా ఉంది. కుంకుమ ఆరబోసినట్ల! అంతకు ముందు వారమే నేనొక వారపత్రికలో చదివినా. బయటి దేశాల్లో చలికి ముందు చెట్ల ఆకులన్నీ పండి ఎర్రబడతాయంట, వాటిని చూసేదానికి జనం పెళ్ళాంబిడ్డలతో ఓడలెక్కి పోతారంట. అది గుర్తొచ్చింది. వెంటనే అక్కడున్న టీచర్లందరికీ పాఠం చెప్పేసినా. నల్లమలలో ఆకు రాలే ముందు ఇట్లనే రంగు మారుతుందని, ఇది మనకు దేవుడిచ్చిన వరమని, మనవాళ్ళకు చూసే కళ్ళు లేవని.

ఇంటికొచ్చి ఆ పొద్దే వదినకు జాబు రాసినా. మా దగ్గర రైలే కాదు, ఎర్ర అడవి గూడా ఉంది, మీరిద్దరూ రండి, అందరమూ నీళ్ళ మీద పోయి చూసొస్తాము అని. రాసేటప్పుడు పడవ అని రాసేదానికి చెయ్యి రాలేదు. 'నౌకా విహారం' అని రాసినా.

మా ఇంటాయన ఆస్పత్రిలో కాంపౌండరు. మాటలు గూడా మందు కొలిచినట్ల చుక్కలు చుక్కలుగా పోస్తాడు. జాబు మొత్తం చదివి ఒకటే అడిగినాడు, దగ్గరికి పోయి చూసినావా అని. కొండల్ని దగ్గరికి పోయి చూస్తారా ఎవరన్నా, దూరం నుంచి చూస్తేనే గదా అందం అన్నా. ఆయన జాబు మడిచి నా చేతికిచ్చినాడు.

ప్లాను మాత్రం నేను కాగితం మీద గీసినా, స్కూలు టైంటేబుల్ మాదిరి. పొద్దున రైలు, కంభం స్టేషన్లో దిగేది, ఒంటెద్దు బండి, పదిగంటలకు నౌక, పదకొండుకు ప్రకృతి దర్శనం, పన్నెండుకు చెట్ల నీడన చిత్రాన్నం, సాయంత్రం రైలుకు తిరుగు ప్రయాణం. మా అత్తమ్మకు చెరువంటే భయం. నేను రాను, నీళ్ళ మీద నడిచినాయన ఒక్కడే, మనం కాదు అనింది. బతిమాలి ఒప్పించినా.

వదినా అన్నయ్యా హైదరాబాదు నుంచి దిగినారు. వదిన పట్టుచీర తెచ్చుకుంది. నౌక అని రాస్తిని గదా!

కట్ట కింద మస్తానన్న పడవ ఉంది. చేపలు పట్టే పడవ. వదిన దాన్ని చూసింది, నన్ను చూసింది, పట్టుచీర కుచ్చిళ్ళు చూసుకుంది. నౌక యాడుంది సుగుణా అని అడిగింది. ఇదే వదినా, నీళ్ళు తక్కువగా ఉండాయని చిన్నది పెట్టినారు అని చెప్పినా. మస్తానన్న నా ముఖం వంక చూసినాడు గానీ, మర్యాదస్తుడు, మెల్లగా పడవ తాడు విప్పినాడు. ఆ ఎర్రగా కనపడేదాని దగ్గరికి తీసుకుపో అంటే, అట్లనే టీచరమ్మా, మొన్న గూడా ఇద్దర్ని తీసుకుపోయినా అన్నాడు. విన్నావా వదినా, జనం వచ్చి చూసి పోతా ఉండారు అన్నా నేను.

పడవలో అడుగున నీళ్ళు ఊరతా ఉంటే మా ఇంటాయన డబ్బాతో తోడతా కూచున్నాడు. అత్తమ్మ కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తా ఉంది. నేను మాత్రం నిలబడి పాఠం చెబుతా ఉండా. ఆకులో పచ్చదనం ఎందుకు పోతుంది, ఎరుపు యాడినుంచి వస్తుంది, అంతా. ఎరుపు దగ్గరయ్యేకొద్దీ నిజంగానే బ్రహ్మాండంగా ఉంది. వదిన గూడా కళ్ళార్పకుండా చూసింది. అన్నయ్య అయితే, ఇట్లాంటిది హైదరాబాదులో లేదు అని ఒప్పుకున్నాడు. ఆ ఒక్క మాట చాలదా నాకు? అక్కడే పడవ వెనక్కి తిప్పమని ఉంటే, ఈ రోజు నా అంత గొప్పది ఈ తాలూకాలో ఉండేది కాదు.

గాలి ఇటు తిరిగింది. ముందు అత్తమ్మ తుమ్మింది. తర్వాత అన్నయ్య. తర్వాత వదిన ఏడు తుమ్ములు వరసగా తుమ్మి, ఏంది సుగుణా ఈ వాసన అనింది. అడవి పూల పుప్పొడి వదినా, ఒంటికి మంచిది, బాగా పీల్చుకో అన్నా. పాపం, పీల్చుకుంది.

పడవ ఒడ్డుకు తగిలింది. మస్తానన్న గెడ నేలకు గుచ్చి, తీరిగ్గా చెప్పినాడు.

"దిగండి టీచరమ్మా. ఈసారి కాయ బాగుండాది. తొందరపడి బేరం తెంచొద్దు, నిదానంగా చూసుకోండి."

మిరపకాయలు. కొండ వాలులో బండల మీద ఈ కొస నుంచి ఆ కొస దాకా, ఊరు ఊరంతా కలిసి ఎండబోసిన మిరపకాయలు. చెట్టు లేదు, ఆకు లేదు. అప్పుడు గుర్తొచ్చింది నాకు, ఆ రోజు కట్ట మీద కంభం టీచరమ్మ ఒకామె రెండుసార్లు ఏదో చెప్పబోయింది. పాఠం మధ్యలో మాట్లాడొద్దన్నట్ల చెయ్యి చూపించినా ఆమెకు.

  మా ఇంటాయన డబ్బా కింద పెట్టి, ఆకులు బాగా పండినాయి అన్నాడు, అంతే.

కాయలు తిరగేస్తా ఉన్న ఒక పెద్దామె దగ్గరికి వచ్చింది, పేరు సుబ్బక్క. ఎవరమ్మా మీరు, కాయలు కొనే గుంటూరు షావుకార్లా అని అడిగింది. మిరపకాయల్ని ఆకులనుకుని వచ్చినాము అని ఎట్ల చెప్పేది? ఊరకుండక, పోయిన పరువులో కొంతన్నా దక్కించుకుందామని, ఈ అన్నయ్య హైదరాబాదులో సెక్రటేరియట్లో పని చేస్తాడు, మీ ఊరు చూసేదానికి వచ్చినాడు అని చెప్పినా.

అది రెండో తప్పు. మొదటిదానికన్నా పెద్దది.

సుబ్బక్క వెనక్కి తిరిగి ఒక కేక వేసింది. ఊరంతా దిగింది. కొత్త ప్రభుత్వం మనిషిని పంపించిందంట, పడవ మీద, పెళ్ళాంతో సహా! నులకమంచం వేసినారు, మజ్జిగ ఇచ్చినారు. ఒకాయనకు పట్టా కావాలంట. ఒకామెకు భర్త పోయి ఏండ్లయిందంట, భూమి ఇంకా ఆమె పేరుకు మారలేదు. ఒకాయన గొర్రెల్ని ఫారెస్టోళ్ళు తోలుకుపోయినారంట. అన్నయ్య నేను గుమస్తానే నాయనా అని చెప్పి చూసినాడు. ఇంత మెత్తగా మాట్లాడినాడంటే ఖచ్చితంగా పెద్ద ఆఫీసరే అని తేల్చినారు. ఎవరో కాగితాలు తెచ్చినారు. పాపం మంచం మీద కూచుని అర్జీలు రాసినాడు, తుమ్ముతా, ముక్కు తుడుచుకుంటా. ఏడు రాసినాడు. ఆ భూమి ఆమెది మాత్రం రెండుసార్లు చదివి వినిపించి, తానే జేబులో పెట్టుకున్నాడు. దీన్ని నేనే టేబుల్ టేబుల్‌కూ తిప్పుతానమ్మా అన్నాడు. అప్పుడు మాత్రం నాకు నవ్వు రాలేదు.

మస్తానన్నేమో వలలు చూసుకునేదానికి పోయినాడు. ఉత్తగా కూచునేది ఎట్ల అని సుబ్బక్క మాకు తలా ఒక చేట ఇచ్చి తెల్లబడిన తాలుకాయలు ఏరమనింది. పట్టుచీర కట్టుకున్న వదిన మోకాళ్ళు మడుచుకుని కూచుని ఏరింది. ఆ చేతులతోనే కళ్ళు తుడుచుకుంది. ఆమెను చూసి అత్తమ్మ తుడుచుకుంది, అత్తమ్మను చూడబోయి నేను. చిత్రాన్నం ఆ చేతులతోనే తిన్నాము, ఇంక అడగొద్దు.

సాయంత్రం రైలు ఎట్లనో అందుకున్నాము. ఐదుగురమూ ఎర్రటి కళ్ళు, వాచిన ముఖాలు, ఒకటే ధారలు. ఎదురు బల్ల మీద కురిచేడులో ఎక్కిన పెద్దామె ఒకతె మమ్మల్ని చూసి చూసి, పైకి లేచి వచ్చి అత్తమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఊరుకో అక్కా, పోయినోళ్ళతో మనమూ పోతామా? ఎవరు పోయినారు?"

అత్తమ్మ ముక్కు తుడుచుకుంటా నా వైపు వేలు చూపించింది. ఆమె నన్ను గూడా దగ్గరికి తీసుకుని, అయ్యో, నీ తాలూకేనా తల్లీ అని ఓదార్చింది. వదిన కిటికీ వైపు తిరిగి కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడుస్తా ఉందనుకున్నా. భుజాలు ఊగేది చూస్తే నవ్వు. తర్వాత రైలుపెట్టె మొత్తం మమ్మల్ని చూసి భయపడేటట్ల నవ్వినాము.

మరుసటి రోజు వాళ్ళు హైదరాబాదుకు పోయినారు. ఇంక జన్మలో నా మాట నమ్మరులే అనుకున్నా.

మొన్న జాబు వచ్చింది. వదిన క్వార్టర్స్‌లో ఆడవాళ్ళందరికీ చెప్పుకుందంట, నౌక మీద పోయి నల్లమల ఎర్ర అడవిని చూసొచ్చినామని. కాయల సంగతి ఎట్ల చెప్పేది సుగుణా, నా పరువు గూడా ఉంది గదా అని రాసింది. అన్నయ్య వాళ్ళ సూపరింటెండెంటు గారు వచ్చే ఏడు కుటుంబంతో వస్తానన్నారంట. ఇంకో మూడు కుటుంబాలు గూడా సిద్ధమంట. నువ్వే దిక్కు అని రాసింది.

మా ఇంటాయన చదివి, ఇప్పుడన్నా నిజం రాయి అన్నాడు. నిజమే రాసినా. ఈ పొద్దే పోస్టులో వేసి వస్తా ఉండా.

"తప్పకుండా తీసుకురా వదినా. కానీ శివరాత్రి దాటనీయొద్దు. దాటితే ఆకులన్నీ బస్తాలకెత్తి గుంటూరుకు తోలేస్తారు."