అంచులమ్మ బదిలీ

ఆఫీసులో అందరూ ఆమెను అంచులమ్మ అనేవారు. ఈ ఆఫీసుకు రాకముందు ఆమె ఏటి ఒడ్డున, రాతివంతెన కింద, రోజూ నీటిమట్టం కొలిచే ఉద్యోగి. ఆ పనంటే ఆమెకు ప్రాణం. పైథాన్ అనే కంప్యూటర్ భాషలో గీసిన గ్రాఫుల అడుగున కొలత కేంద్రాల పేర్లు సగానికి తెగిపోతున్నాయని, వాటిని సరిచేసే విద్య ఆమెకు వచ్చని విని, పెద్దసారు రెండు రోజుల పనికని పిలిపించారు. ఆ రెండు రోజులూ ఏళ్ళయ్యాయి.

కూర్చోడానికి కిటికీ లేని గది ఇచ్చారు. తెరమీద నిండుగా కనిపించిన పేరు కూడా, గ్రాఫును ఫైలుగా సేవ్ చేయగానే తోక తెగి వచ్చేది. నిజానికి ఒక్క లైను రాస్తే చాలు, పేర్లన్నీ పట్టేలా బొమ్మ అంచులు వాటంతటవే జరుగుతాయి. ఆ లైను ఎంతమందికి చెప్పిందో! అందరూ బుద్ధిగా తలూపేవారు, మర్నాడు మళ్ళీ తెగిన గ్రాఫుతో తయారయ్యేవారు.

"నీ చేయి పడితేగానీ ఇది దారికి రాదక్కా," అనేవారు.

ఆ పొగడ్త వింటే ఆమెకు ఒళ్ళు మండేది. ఆ గదిలో ఊపిరాడేది కాదు. బదిలీ అడిగినప్పుడల్లా పెద్దసారుది ఒకటే పాట: "నువ్వెళ్ళిపోతే పేర్లెవరు చూస్తారమ్మా?"

చివరికి ఉపాయం తట్టింది. ఆఫీసు కంప్యూటర్లన్నీ వాడుకునే సెట్టింగుల ఫైల్లోనే ఆ లైను పెట్టేసింది. అంతే, ఆమె తలుపు తట్టేవాళ్ళు లేకుండా పోయారు. ఇంటికి ఫోన్ చేసి, "అమ్మా, నా గొడుగూ బూట్లూ బయటికి తీసిపెట్టు," అంది.

పెద్దసారు ముఖం చేటంత చేసుకుని ఆ వారం గ్రాఫు చూపించారు.

"ఒక్క అక్షరమైనా తెగిందా చూడు! నిన్నెలా వదులుకుంటానమ్మా?"

"నేను చేయలేదు సార్. దానంతటదే అవుతోంది. ఇక నాతో పనిలేదు."

"నీ గొప్ప నువ్వు చెప్పుకోవు కదా," అని నవ్వారాయన.

పేర్లు తెగితే ఆమె కావాలి, తెగకపోతే ఆమె చలవ. ఇక ఏ దారిన బయటపడాలి? గ్రాఫు మీదికి తల దించింది. చివర్లో తన రాతివంతెన పేరు నిండుగా ఉంది. దానిమీద నీటిమట్టం చూపాల్సిన నీలి కడ్డీ మాత్రం లేదు. బయట వానలు దంచేస్తున్నాయి.

"ఇక్కడ మట్టం వేయలేదేంటి సార్? నా తర్వాత వచ్చినతను లేడా?"

"అతన్ని మొన్ననే ఇక్కడికి రప్పించానమ్మా. గ్రాఫుల రంగులు బాగా సరిచేస్తాడట. ఎంత, రెండు రోజుల పని!"