రోజుకు ఆరుసార్లు ప్రెసిపిటేట్

1978లో నేను భిలాయిలో ఉక్కు ప్రయోగశాల అనలిస్టును. ఉక్కులో భాస్వరం ఎంతుందో తేల్చడం నా పని. ఉక్కు రజను ఆమ్లంలో కరిగించి, మాలిబ్డేట్ కలిపి కుదిపితే పసుపుపచ్చని మడ్డి దిగుతుంది. దాన్నే ప్రెసిపిటేట్ అంటాం. అది పూర్తిగా దిగాక వడకట్టి, కడిగి, లెక్కకట్టి ఫర్నేస్‌కు ఫోన్ చేయాలి. లెక్కలూ ఇంగ్లీషూ నేను సొంతంగా నేర్చుకున్నవే. లెక్కలు కుదిరినంతగా ఇంగ్లీషు కుదరలేదు.

ఆ ఏడు సీనియర్ అనలిస్టు పదోన్నతికి ఇంటర్వ్యూ పెట్టారు. తప్పితే మళ్లీ మూడేళ్లు ఆగాలి. బోర్డు ఛైర్మన్ పర్సనెల్ (సిబ్బంది) విభాగం అధికారి, రసాయనాలు తెలియని మనిషి. పక్కన మా చీఫ్ కెమిస్టు, బొబ్బిలి వైపు మనిషి.

అంతకు నెల ముందు భాస్వరం ఎక్కువ కనబడి, రెండో నమూనా రాకముందే నేనొక హీట్‌ను, అంటే ఒక ఫర్నేస్ నిండా ఉక్కును, ఆపించాను. రెండో నమూనా కూడా అదే చెప్పింది గానీ, నా తొందర మీద ఫిర్యాదు వెళ్లింది. ఛైర్మన్ దాన్ని ఎత్తి, "యువర్ యాక్షన్ వజ్ ప్రెసిపిటేట్?" అన్నారు. ఆ యాక్షన్ నాకు రియాక్షన్ అని వినబడింది. తెలిసిన ప్రశ్నే పడిందని సంతోషించి, "యస్ సర్, ఎవ్రీ డే" అన్నాను.

ఆయన కళ్లజోడు తీశారు. రోజూనా అని అడిగారు. షిఫ్టుకు ఆరుసార్లకు తగ్గదనీ, అది లేనిదే రిపోర్టు కదలదనీ చెప్పాను. మానుకునే ఉద్దేశం లేదా అన్నారు. మా చీఫ్ గారే నేర్పారన్నాను. చీఫ్ గారికి తాగుతున్న మంచినీళ్లు పొలమారాయి.

బయట తోటి అనలిస్టు అప్పలనాయుడు నేను చెప్పిందంతా విని, డిక్షనరీ తిరగేసి తల పట్టుకున్నాడు.

"ఏటి బావా, కొంప ముంచీసుకున్నావు! ఆ మాటకి ముందూ ఎనకా సూడకుండా తొందరపడిపోడం అని కూడా ఉందిక్కడ. రోజుకారుసార్లు తొందరపడతాను, మా పెద్దాయనే నేర్పేడని సెప్పొచ్చీసినావు!"

వెంటనే బోర్డు గదికి పరుగెత్తాను. తలుపు దగ్గర చీఫ్ గారు ఆపారు.

"ఎక్కడికయ్యా?"

పొరపాటు సరిదిద్దుకుంటానన్నాను.

"ఉండవయ్యా. వచ్చినోళ్లంతా మా వల్ల తప్పే జరగదన్నారు. ఒప్పుకున్నోడివి నువ్వొక్కడివేనని ఆయన నీకు మార్కులు వేసీసినాడు. పసుపు మడ్డి సంగతి సాయంత్రం ఆయనకి నేను చెప్తాను. ఇప్పుడు నువ్వు లోపలికి దూరేవనుకో, దాన్నంటారు ప్రెసిపిటేట్ అని."

అక్కడే ఆగిపోయాను. పదోన్నతి వచ్చింది.

ఆ తర్వాత సర్వీసంతా, బాగా తెలిసిన మాట చెవిన పడినప్పుడే ఏ అర్థంలో అన్నారో అడిగి జవాబిచ్చాను. తెలియని మాటతో నాకెప్పుడూ ఇబ్బంది రాలేదు. దాని దగ్గర ఎలాగూ ఆగేవాణ్ణి.