పియానోకి తగ్గి ఊదేవాడు

కళ్లద్దాల షాపు వెనకగదిలో అద్దాలు అరగదీసే ఆయన్ని పాట తెలిసినవాళ్లంతా క్లారినెట్టాయన అనే పిలుస్తారు. పగలు అద్దాలు, సాయంత్రం టౌన్‌హాల్లో వాద్యం. ఇరవై ఆరేళ్లుగా ఇదే వరస. జీవితంలో ఆయన పెంచి పోషించినవి రెండే: ఒక క్లారినెట్టు, జనం మీద చులకన. రెండోదానికి మేత ఏనాడూ కరువు కాలేదు.

టౌన్‌హాలుకి వందేళ్లు నిండాయి. ఉత్సవంలో హాలు పియానోతో కలిసి మొదటి పాట వాయించే అవకాశం స్థానికులకే ఇస్తామని ప్రకటించారు. అది తనకే వస్తుందని ఆయన అనుకున్నాడు. ఇరవై ఆరేళ్లలో పక్కవాద్యంగా ఓ మూల కూర్చోవడమే తప్ప ఆయన ఆ వేదిక మధ్యకు వచ్చింది లేదు. ఇక ఆ కోరిక తీరే దారి ఇదొక్కటే.

కార్యక్రమాల అధికారి ఆయన దరఖాస్తును తడిగుడ్డలా రెండు వేళ్లతో పట్టుకున్నాడు.

"పుట్టింది ఇక్కడ కాదే?"

"పుట్టించేటప్పుడు నన్నెవరూ అడగలేదండీ."

"సొంతిల్లు?"

"అద్దె."

"మరి స్థానికుడని ఎలా రాయమంటారు?"

"ఈ హాల్లో ఎలుకలు కూడా నన్ను గుర్తుపడతాయి."

"ఎలుకల సర్టిఫికెట్ చెల్లదు" అన్నాడు అధికారి. తన జోకుకి తనే నవ్వుకుని దరఖాస్తు పక్కన పడేశాడు.

అవకాశం ఓ కుర్ర బృందానికి పోయింది. వాళ్ల ముఖ్య గాయకుడు పుట్టింది ఇక్కడి ఆసుపత్రిలోనే, కాగితం ఉంది. రెండో నెలలో ఊరు దాటినవాడు మళ్లీ మొన్ననే అడుగుపెట్టాడు. ఊరి పేరు మాత్రం ఐదుగురూ చొక్కాల మీద బెత్తెడు అక్షరాలతో అచ్చేయించుకున్నారు.

"గొర్రెలక్కూడా అలాగే ముద్రేస్తారు, తప్పిపోతే పట్టుకోడానికి" అన్నాడు క్లారినెట్టాయన ఇంట్లో.

"ఊరంతా వెధవలే, మీరొక్కరే మొనగాడు" అంది భార్య, బియ్యంలో రాళ్లు ఏరుతూ. "మరి ఆ మొనగాణ్ణి ఎవరూ పిలవరేం?"

పిలిచారు. రిహార్సల్ రోజున పియానో టీచరమ్మ ఫోన్ చేసింది. డెబ్భై దగ్గరపడుతున్న మనిషి. ఆ హాల్లో పియానో ఆవిడ చేతికిందే ఉంటుంది. "ఒరే తమ్ముడూ, ఒకసారి వచ్చిపో. వీళ్లు నా చెవులు కోసేస్తున్నారు."

ఆయన వెళ్లేసరికి అక్కడ పాట కాదు, పంచాయితీ జరుగుతోంది. ఆ పియానో ముసలిది. మిగతా పియానోల్లా పై శ్రుతికి బిగిస్తే తీగలు తెగుతాయని ఎప్పుడో పావు మెట్టు దించి వదిలేశారు. ఆ హాల్లో వాయించేవాళ్లంతా, ఒకరు చెప్పకుండానే, దానికి తగ్గి శ్రుతి చేసుకుంటారు. క్లారినెట్టు అంత సులువుగా తగ్గదు. ముక్కలు కలిసేచోట బయటికి లాగి, ఆ సందుల్లో రింగులు దూర్చాలి. విరిగిన కళ్లద్దాల ఫ్రేములు అరగదీసి ఆ రింగులు ఆయనే చేసుకున్నాడు.

కుర్రాళ్లు పాట వెనక వాద్యాలన్నీ ముందే రికార్డు చేసి తెచ్చుకున్నారు. ఆ రికార్డు శ్రుతి ఎలా దించాలో ఐదుగురిలో ఒక్కడికీ తెలియదు.

"ఆంటీ, మీ పియానో తప్పు పలుకుతోంది. ఫోన్‌లో చూడండి" అన్నాడు గాయకుడు.

"అది నీ ఫోన్ పుట్టకముందు నుంచీ పలుకుతోంది నాయనా."

"కొంచెం పైకి బిగించలేరా?"

క్లారినెట్టాయన నోరు ఇక ఆగలేదు. "ఏం బాబూ, నువ్వు ఈ ఊరివాడివటగా? ఇంట్లో ముసలావిడ మెల్లిగా నడిస్తే పక్కనున్నవాళ్లు అడుగు తగ్గిస్తారు. నువ్వేమో ఆవిణ్ణే పరిగెత్తమంటున్నావ్."

క్లారినెట్టులో రింగులు పెట్టి, టీచరమ్మ వైపు తల ఊపి పాట అందుకున్నాడు. రెండు వాద్యాలూ ఒక్క గొంతులా కలిశాయి. కుర్చీలు సర్దేవాళ్లు చేతిలో కుర్చీలతోనే నిలబడిపోయారు. గాయకుడు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"బ్రహ్మాండం!" అంటూ అధికారి పరిగెత్తుకొచ్చాడు. "ఉత్సవం రోజు కూడా ఇలాగే కానిచ్చేయండి. రికార్డు తీసేద్దాం, వీళ్లు మెల్లిగా గొంతు కలుపుతారు. మీరు మధ్యలోనే నిలబడండి." అట్టపెట్టెలోంచి ఊరి పేరున్న చొక్కా ఒకటి తీసి ఇచ్చాడు. "ఇది తొడుక్కోండి చాలు, బృందంలో ఒకరైపోతారు."

"నా పేరు స్థానికుల్లో రాస్తారా?"

"కాగితం లేదు కదండీ. పేరెందుకు, వేదిక దొరికింది కదా!"

దొరికినట్టే. చొక్కా ఆయన చేతిలోకి వచ్చేసింది. వేదిక నాలుగడుగుల దూరంలో ఉంది. "వేసుకోరా, పోనీ" అంది టీచరమ్మ నెమ్మదిగా. ఆయన చొక్కా అంచు బొటనవేలితో రుద్ది చూశాడు, షాపులో గుడ్డ చూసినట్టు.

"రకం మంచిది కాదండీ. అద్దం తుడిస్తే గీతలు పడతాయి" అని తిరిగి ఇచ్చేశాడు.

ఉత్సవం నాడు టీచరమ్మ తనకు నడుం నొప్పని కబురు పెట్టింది. పియానో మూత వేసేసి, కుర్రాళ్లు రికార్డుతోనే పాడారు. జనం ఈలలు వేశారట. ఆ కబురు క్లారినెట్టాయన సాయంత్రం ఇంటికొచ్చాక విన్నాడు.

"ఆ చొక్కా వేసుకుంటే పోయేదేముంది? వేదికైనా దక్కేది" అంది భార్య, ఆయన అందుకోబోయే తిట్లకు సిద్ధపడుతూ.

"దక్కేది" అన్నాడాయన.

ఆ సాయంత్రం ఆయన ఎవర్నీ ఒక్క మాట అనలేదు. ఆవిడ ఆ కుర్రాళ్లను తనే నాలుగు తిట్టి చూసింది. ఆయన వంత పాడలేదు.