కరుణ టీచర్ ఎద్దుమూపు గుట్ట

బ్రేకు కాలిన వాసన తగిలితే చాలు, నా గుండె ముందుగా గుట్ట ఎక్కి కూర్చుంటుంది. మొన్న ఆదివారం కూడా అంతే. ఏనుగువీపు అనే బండ కింద చేతులు చాచి నిలబడ్డాను. పైనుంచి కాశిబుగ్గ అమ్మాయి సునీత సైకిల్ మీద దిగుతోంది. కాలిన బ్రేకు, ఎండకు కాగిన రాయి, చక్రం కింద నలిగిన సీతాఫలం ఆకు కలిసిన ఆ వాసన వెనకాల నాకు ఒక ఈల వినిపిస్తుంది, అల్లం ఘాటెక్కిన టీ గుర్తొస్తుంది, అరవై దాటిన ఒక మనిషి కనిపిస్తుంది. ఆవిడ పేరు కరుణ టీచర్. ఆవిడ గురించి చెప్పాలంటే ముందు నేను ఎవరి మనవరాలినో చెప్పాలి.

మా ముత్తాత పెద్ద లింగయ్య మట్టెవాడలో మిర్చి, పసుపు కమీషన్ దుకాణం పెట్టాడు. తాత విశ్వనాథం దాన్ని ఆ బజారులోకెల్లా పెద్దది చేశాడు. పొద్దున ఆయన ధర చెప్పేదాకా పక్క దుకాణాల వాళ్లు తూకం మొదలుపెట్టేవారు కాదు. ఎవరింట పెళ్లి జరిగినా మొదటి శుభలేఖ మా గడపకే వచ్చేది. దుకాణం ముందు నల్లరాతి మెట్లు ఉండేవి. తాత ఆ మెట్లు దిగి ఎవరికీ ఎదురు వెళ్లలేదు. ఎంత పెద్ద అధికారి వచ్చినా పై మెట్టు మీద నిలబడే దండం పెట్టేవాడు. "మనకాడికి ఎక్కి రావాలె. మనం దిగం" అనేవాడు. చిన్నప్పుడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, నా వెన్ను మీద అరచేయి ఆనించి, నడుము వంగితే మెల్లగా నెట్టేవాడు.

తర్వాత ఒక ఏడు మిర్చి ధర కుప్పకూలింది. రైతులకు ముందుగా ఇచ్చిన మాట తప్పనని తాత పాత ధరకే సరుకంతా కొన్నాడు. ఆ మాట వెంటే గోదాములు, పొలాలు పోయాయి. బాపు చేతికి వచ్చేసరికి మిగిలినవి రెండే: తాత పేరు చెక్కిన ఆ దుకాణం, పరకాల రోడ్డుకు దూరంగా లోపల ఉన్న ఒక గుట్ట. గుట్ట ఎందుకు మిగిలిందంటే ఎవరూ కొనలేదు కాబట్టి. ఎద్దు మూపులా లేచిన బండరాళ్ల కుప్ప అది. మేకలకు తప్ప ఎవరికీ పనికిరాదని మా ఇంట్లో అనుకునేవారు. బాపు పోయాక రెండూ నా పేరు మీదికి వచ్చాయి. అప్పటికి నేను హన్మకొండలో ఒక ఆఫీసులో గుమాస్తాను. అయినా సిటీ బస్సులో కూడా తాత అరచేయి వీపు మీద ఉన్నట్టే కూర్చునేదాన్ని.

చిన్నాన్న పిల్లలు తమ వాటా అడిగారు. అడగడం న్యాయమే. ఇవ్వాలంటే రెండింటిలో ఒకటి అమ్మక తప్పదు. అందులో ఆలోచించడానికి నాకేమీ కనిపించలేదు. రాయి కోసి అమ్ముకునే వ్యాపారి ఒకాయన గుట్టకు ఆశపడ్డాడు. ఉగాది దాటాక రిజిస్ట్రేషన్ పెట్టుకుందామని చెప్పి, అమ్మే ముందు హద్దులు చూసుకోవడానికి ఒక చలికాలపు ఆదివారం ఆటోలో వెళ్లాను. ఆ గుట్ట మా చేతికి వచ్చి మూడు తరాలైనా దాని దగ్గరికి మా ఇంటి మనిషి వెళ్లడం బహుశా అదే మొదటిసారి.

రాళ్ల మీద సున్నపు బొట్లు కనిపించాయి. కొన్నిచోట్ల పసుపుపచ్చవి, కొన్నిచోట్ల ఎర్రమట్టి జాజు పూసినవి. ఎవరో నా గుట్టకు బొట్లు పెట్టారే అని నేను విసుక్కుంటూ ఉండగానే పైనుంచి గరగరమని చప్పుడైంది. రెండు బండల మధ్య సందులోంచి ఒక సైకిల్ గాల్లోకి లేచి, నేల తాకి, నా ముందు దుమ్ము రేపుకుంటూ అడ్డంగా ఆగింది. హెల్మెట్ తీస్తే నెరిసిన జుట్టు. మెడలో సన్నని గొలుసు, దానికి చిన్న సిలువ, పక్కనే ఒక ఈల.

"జర పక్కకు జరుగు బిడ్డా, ఎనకాల యాకూబ్ వస్తాండు" అంది ఆవిడ. నేను జరిగేలోపే యాకూబ్ అనే మనిషి మరో సైకిల్ మీద మా పక్కనుంచి దూసుకుపోయాడు.

ఈ గుట్ట ఎవరిదనుకుంటున్నారని నిటారుగా నిలబడి అడిగాను. సర్కారుదనే అనుకుంటున్నామంది. మాదని చెప్పాను. తాత పేరు కూడా చెప్పాను. ఆవిడ నన్ను తేరిపార చూసింది.

"నీదేనా? మంచిదాయె. ఏనాడన్న ఎక్కినవా?"

అమ్మేస్తున్నానని మాత్రం చెప్పాను. ఆవిడ బతిమాలుతుందని ఎదురుచూశాను, బతిమాలితే ఏమనాలో కూడా సిద్ధం చేసుకున్నాను. ఆవిడ ఫ్లాస్కు మూత తీసి నాకు టీ పోసింది. "అమ్ముకో. నీది. కాని ఒక్కపారి పైకెంచి కిందిదాక దిగి అమ్ము. దిగకుంట అమ్మితే ఏం అమ్మినవో నీకే తెల్వది" అంది. సైకిల్ తొక్కడమొస్తే చాలని, మిగతాది తాను చూసుకుంటానని కూడా చెప్పింది. సవాలు విని వెనక్కి తగ్గడం మా వంశంలో లేదు. వచ్చే ఆదివారం వస్తానన్నాను.

ఆవిడ కాజీపేటలో ఒక ఆడపిల్లల బడిలో ఆటల టీచరుగా పనిచేసి రిటైరైంది. పడుచుతనంలో సైకిల్ పందేల్లో పాల్గొన్న మనిషి. ఈ గుట్ట మీద మేకల బాటలు చూసి, ఆదివారం ప్రార్థన కాగానే పాత శిష్యురాళ్లను, యాకూబ్ లాంటి సైకిల్ దోస్తులను వెంటేసుకుని వచ్చి, రాయి రాయి పేర్చి దారులు చేసింది. తెల్ల బొట్టు దారి కొత్తవాళ్లకు, పసుపు బొట్టుది అలవాటైనవాళ్లకు, జాజు బొట్టుది గుండె ఉన్నవాళ్లకు. నిటారుగా వరుసగా ఉన్న రాళ్లు అత్తగారి మెట్లు. అక్కడ గట్టెక్కినవాళ్లను కూడా పడేసే మలుపు దవాఖాన మలుపు. అన్నిటికీ చివర ఏనుగువీపు, రెండు తాటిచెట్ల ఎత్తున్న నున్నటి బండ. ఇంత చేసి రోడ్డు మీద ఒక బోర్డు కూడా పెట్టలేదు. ఎందుకు పెట్టలేదని అడిగితే, "బోర్డు పెడితే ఫోటోలు దిగేటోళ్లు వస్తరు, గుట్ట దిగేటోళ్లు రారు" అని నవ్వింది.

ఆ గుట్టకు ఒక ఆచారం ఉంది. ఏనుగువీపు అంచున ఉన్న జాజు బొట్టు దగ్గరికి రాగానే దిగబోయేవాళ్లు ఆగి, కిందికి కేక వేయాలి: "చేతులున్నయా?" కింద ఉన్నవాళ్లు బండ చివర అటూ ఇటూ చేతులు చాచి నిలబడి, "ఉన్నయ్" అనాలి. ఆ మాట వినిపించాకే బ్రేకు వదలాలి. ఎంత చేయి తిరిగినవాళ్లకైనా ఇదే పద్ధతి. టీచర్ కూడా ప్రతిసారీ అడిగేది.

మొదటి నెలంతా నేను పడడమే. ఆవిడ ఇచ్చిన ఎర్ర సైకిల్‌కు ముందు స్ప్రింగులు, లావు టైర్లు ఉన్నాయి. సైకిల్‌లో లోపం లేదు. నా నడుము వంగేది కాదు. అత్తగారి మెట్ల మీద బొమ్మలా కూర్చుని దిగబోయి హ్యాండిల్ మీదుగా తంగేడు పొదలో పడ్డాను. టీచర్ వచ్చి నా మోకాలు కడిగింది. "ఆ నడుము ఎవలిది? మీ తాతదా? రేపటిసంది దాన్ని దుకాణంలనే పెట్టి రా" అంది. సీటు కిందికి దింపి, పెడళ్ల మీద నిలబడి, పిర్రలు వెనక్కి జరిపి, మోచేతులు సడలించి, చక్రం వైపు కాకుండా దూరంగా చూడమని చెప్పింది. ఇది ఒకరోజు పట్టుబడింది. రాళ్లు కింద గడగడలాడుతుంటే నేను మాత్రం వాటి మీద తేలుతున్నట్టు కిందికి వచ్చేశాను. ఆగాక నవ్వు ఆగలేదు. ఆఫీసులో సోమవారమంతా నవ్వు దాచుకోవడానికే సరిపోయింది. పెద్దయ్యాక అంత సంతోషం నాకు తెలియదు.

శివరాత్రికల్లా దవాఖాన మలుపు కూడా దాటాను. మిగిలింది ఏనుగువీపు ఒక్కటే. దాని పైదాకా వెళ్లి, అంచున ఆగి, ప్రతి ఆదివారం సైకిల్ నడిపించుకుంటూ వెనక్కి వచ్చేదాన్ని. అందరూ భయమనుకున్నారు. భయం కాదు. ఆ కేక నా నోట రాలేదు. చేతులున్నాయా అని అడగడం నాకు చేయి చాచినట్టే ఉండేది. ఒక రోజు అడగకుండానే దిగబోతే టీచర్ నా ముందు చక్రానికి అడ్డంగా నిలబడింది. మా ఇంట్లో ఎవరూ ఎవరినీ ఏదీ అడగలేదని చెప్పాను. ధర పడిపోయిన ఏడు తాత ఏం చేశాడో కూడా గర్వంగానే చెప్పాను.

ఆవిడ రాయి మీద కూర్చుంది. నన్నూ కూర్చోమంది. తనది పరకాల పక్క పల్లెటూరని, ఆ ఏడు తన తండ్రి కూడా మా దుకాణానికే మిర్చి తెచ్చాడని అప్పుడు చెప్పింది.

"ధర పడ్డదని అందరికి తెల్సు బిడ్డా. తక్కువకే ఇస్తం సావుకారీ, మీరు మునుగద్దు అని చెప్పుదామని మా నాయనోళ్లంత మీ మెట్ల కింద నిలవడ్డరట పొద్దుందాక. మీ తాత దిగి రాలే. ఈళ్లకు ఎక్కే ధైర్యం లేకపాయె. గంతే."

ఆవిడ నన్ను ఓదార్చలేదు. మా తాత మాట తప్పని మనిషి, అందులో ఇప్పటికీ నాకు తలవంపు లేదు. కానీ ఆ మెట్ల కింద అంతమంది చేతులు ఖాళీగా వేచి ఉన్నాయని నాకెవరూ చెప్పలేదు. బహుశా ఆయనకూ తెలియలేదు.

ఉగాదికి ముందు వచ్చిన ఆదివారం పైనుంచి మొదలుపెట్టాను. రాళ్ల మీది బొట్లు చక్రాల పక్కన గీతలా కలిసిపోయాయి. పొదలోంచి నెమలి ఒకటి అరుస్తూ లేచింది. అత్తగారి మెట్లు ముగిసేసరికి చేతులు జిల్లుమంటున్నాయి. దవాఖాన మలుపులో వెనక చక్రం జారి, జారుతూనే దారికి వచ్చింది, నేను పళ్లు బిగించి నవ్వుతున్నాను. ఏనుగువీపు అంచుకు వచ్చి ఆగాను. ముందు చక్రం అవతల ఆకాశం తప్ప ఏమీ లేదు. దూరాన పరకాల రోడ్డు మీద లారీలు అగ్గిపెట్టెల్లా పోతున్నాయి.

"చేతులున్నయా" అన్నాను. గొణిగినట్టుంది.

"ఇనవడ్తలేదు" అని కిందనుంచి టీచర్ గొంతు.

"చేతులున్నయా?"

"ఉన్నయ్." టీచర్, యాకూబ్, సునీత, ముగ్గురూ ఒకేసారి.

బ్రేకు వదిలాను. భూమి కిందికి పడిపోయింది. పొట్ట సీటుకు తగిలేంత వెనక్కి జరిగాను, గాలి చెవుల్లో హోరెత్తింది, రాయి టైర్లను జిగురులా పట్టుకుని వదులుతూ, పట్టుకుని వదులుతూ నన్ను దింపుతోంది. ఇదంతా మాదా, ఇంత కాలం ఇక్కడే ఉందా అనుకున్నాను. ఇసుక తగిలే చోట సైకిల్ కుడివైపు ఒరిగింది. సరిగ్గా అప్పుడే వెన్ను మీద ఒక అరచేయి ఆనింది. పట్టుకోలేదు, నెట్టలేదు, ఒరిగినదాన్ని నిలబెట్టి వదిలేసింది. వెనక్కి తిరిగి చూస్తే టీచర్ చేయి ఇంకా గాల్లోనే ఉంది.

ఆవిడ నా కప్పులో టీ పోసి, "ఇగ అమ్ముకో" అంది. ఆ మాటలో వెటకారం లేదు. నిజంగానే అంది. అందుకే ఆ సాయంత్రం మట్టెవాడ వెళ్లి, మూసి ఉన్న దుకాణం ముందు కాసేపు నిలబడ్డాను. పై మెట్టు మీద కాదు, కింద, రైతులు నిలబడిన చోట. అక్కడినుంచి చూస్తే ఆ మెట్లు చాలా ఎత్తుగా ఉన్నాయి.

ఆ తర్వాత కొన్నేళ్లు ప్రతి ఆదివారం ఆవిడతోనే గడిచాయి. పోయిన వానాకాలం జ్వరంతో దవాఖానలో చేరి ఆవిడ తిరిగి రాలేదు. కాజీపేట సమాధుల తోటలో పాస్టరు గారి ప్రార్థన అయ్యాక, పెట్టెను తాళ్లతో దింపేటప్పుడు నేనూ ఒక తాడు పట్టుకున్నాను. ఎవరూ కాదనలేదు. తాడు వదలబోయే ముందు యాకూబ్ మెల్లగా అడిగాడు, చేతులున్నయా అని. ఉన్నయ్ అన్నాం అందరం.

ఇప్పుడు ఈల నా మెడలో ఉంది. మొన్న ఆదివారం పైనుంచి సునీత కేక వేసినప్పుడు జవాబు నాదే. ఆ పిల్ల రాయిలా వచ్చి, ఇసుక దాటి, నా చేయి అవసరం లేకుండానే ఈదురుగాలిలా పోయింది. పోతూ పోతూ, "అక్కా, ఇంకోపారి దిగుత, గక్కడనే ఉండు" అంది. ఉన్నాను. బ్రేకు కాలిన వాసన ఇంకా గాల్లోనే ఉంది.

గుట్ట అమ్మలేదు. మట్టెవాడ దుకాణం ఆ ఉగాది దాటాక అమ్మాను, తాత పేరు చెక్కిన రాయితో, ముందరి నల్లరాతి మెట్లతో సహా.