పెద్ద సిస్టర్ చెప్పిన సాక్ష్యం

మొన్న ఉదయం వార్డులో దుప్పట్లు మారుస్తుంటే కాంపౌండరు గారు వచ్చి, పెద్ద సిస్టర్ పోయారని చెప్పారు. దుప్పటి చేతిలో పట్టుకునే పక్కనున్న ఖాళీ మంచం మీద కూలబడ్డాను. ఆయాలు రోగుల మంచాల మీద కూర్చోకూడదని నాకు నేర్పింది ఆవిడే.

మాది మైపాడు, చేపలు పట్టే కుటుంబం. మిషన్ బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివి, పంతొమ్మిది వందల యాభై ఎనిమిదిలో ఈ సర్కారు ఆసుపత్రిలో ఆయాగా చేరాను. ఆవిడ మా ఆడవాళ్ల వార్డుకు పెద్ద నర్సు. టీ ఎప్పుడూ నిలబడే తాగేవారు. సన్నగా కీర్తన పాడుకుంటూ సూదులు ఉడకబెట్టేవారు. నేను జంకితే మాత్రం, "భయపడే హక్కు రోగిదే, మనది కాదు" అని కసిరేవారు.

నర్సులకు సంఘం ఉండేది, ఆవిడే కార్యదర్శి. మా ఆయాలకు ఏమీ లేదు. తర్వాతి డ్యూటీ మనిషి రాకపోతే ఆ పనీ మేమే చేయాలి, అడిగే దిక్కు లేదు. అరవైలో మేమూ సంఘం పెట్టుకోవాలని మీటింగ్ అనుకున్నాం. ఆ సాయంత్రం నా డ్యూటీ అయింది కానీ రావాల్సిన ఆయా రాలేదు. డ్యూటీ దిగేవాళ్లు, ఎక్కేవాళ్లను మంచం మంచానికీ తిప్పి, ఒక్కో రోగినీ పేరు చెప్పి అప్పజెప్పాలి. అప్పజెప్పకుండా గడప దాటితే ఉద్యోగానికి నీళ్లొదులుకున్నట్టే.

"నాకు అప్పజెప్పి పోవే, మీటింగుకు టైమయింది" అన్నారు పెద్ద సిస్టర్. అలాగే చేశాను.

రెండు రోజులకు ఆసుపత్రి సూపరింటెండెంటు గారి నోటీసు వచ్చింది. వార్డు గాలికొదిలి మీటింగుకు పోయానని నేరం. మా ఆయన క్షయతో మంచం పట్టి ఉన్నాడు, నా ఉద్యోగం పోతే ఇంట్లో పొయ్యి వెలగదు. విచారణలో మన తరఫున తోటి ఉద్యోగి ఒకరు మాట్లాడవచ్చు. ఆయాల్లో ఒక్కరూ నా వైపు చూడలేదు. పెద్ద సిస్టరే వచ్చి నా పక్కన కుర్చీ వేసుకున్నారు.

"వార్డు ఎవరికి అప్పజెప్పినావు?" అన్నాడు అధికారి.

పేరు చెబితే ఆవిడ మెడకు చుట్టుకుంటుంది. చెప్పకపోతే నా గతి అంతే.

"నాకే అప్పజెప్పింది సార్" అన్నారావిడ.

"మీరు ఈమె తరఫున వచ్చినారు. సాక్ష్యం చెప్పకూడదు."

"అయితే ఆ పని మానుకున్నా" అని లేచి, కుర్చీ లాక్కెళ్లి సాక్షి కూర్చునే చోట వేసుకున్నారు. నా పక్కన ఇక ఎవరూ లేరు.

"మీటింగని తెలిసే పంపినారా?"

తెలియదంటే ఆవిడకు ఏ ముప్పూ రాదు. తెలియదని చెప్పమ్మా తల్లీ అని లోపల్లోపల మొక్కుకున్నాను.

"తెలిసే పంపినాను సార్. మాకు సంఘం ఉండాది. వీళ్లకు వద్దా?"

నా ఉద్యోగం నిలిచింది. ఆవిడను నెల తిరక్కముందే ఎక్కడో కర్నూలు అవతలికి బదిలీ చేశారు. ఆ కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు.

ఆవిడ వెళ్లే ఉదయం బస్సు ఆసుపత్రి ఎదుటే ఆగింది. నేను రాత్రి డ్యూటీ దిగి పరుగున వెళ్లాను. "రాత్రంతా నిద్ర లేదు, ఇంటికి పోవే" అని బస్సు మెట్టు మీది నుంచే తిట్టారు. ఆవిడ చూపు నా వెనక ఎక్కడో ఆగిపోతే తిరిగి చూశాను. రాత్రి డ్యూటీ దిగిన ఆయాలంతా గేటు బయట నిలబడి ఉన్నారు, సరిగ్గా సూపరింటెండెంటు గారి కిటికీకి ఎదురుగా. బస్సు మలుపు తిరిగేదాకా కదల్లేదు. ఒక్కరూ కొంగుతో ముఖం కప్పుకోలేదు.