కార్నెట్ ఆనిన పన్ను

కోవిడ్ మాస్కులు తీసేసిన మరుసటి సెప్టెంబరులో నేను డబ్లిన్ శివారు టాలట్‌లోని క్లినిక్ వదిలి, ఐర్లండ్ పడమటి తీరాన ఉన్న స్లైగోలో ఒక ప్రైవేటు దంతవైద్యశాలలో చేరాను. నా హోదా అసోసియేట్ డెంటిస్టు. అంటే క్లినిక్ మనది కాదు. యజమాని అయిన ప్రిన్సిపల్ డెంటిస్టు దగ్గర ఉంటూ మన రోగులను మనమే చూసుకోవాలి. ఉద్యోగంలో అదే నా చివరి మజిలీ. అప్పటికి గుంటూరులోనూ ఐర్లండ్‌లోనూ కలిపి ముప్పై ఏళ్ళ పైచిలుకు అనుభవం ఉంది. కట్టుడు పళ్ళ పనిలో కొత్తగా నేర్చుకోవలసిందేమీ లేదని అనుకునేదాన్ని.

అక్టోబరులో డెనిస్ వచ్చారు. డెబ్బై ఒక్కేళ్ళ మనిషి, పోస్ట్‌మ్యాన్‌గా రిటైరై ఒక్కరే ఉంటున్నారు. పైవరస ముందు పళ్ళు ఆరూ కదులుతున్నాయి. ఎక్స్‌రేలో చూస్తే వాటి చుట్టూ ఎముక చాలావరకు కరిగిపోయింది. చిగుళ్ళ జబ్బు తీరే అంత. పన్ను పుచ్చదు, పెద్దగా నొప్పీ ఉండదు. దాన్ని పట్టుకున్న ఎముక మాత్రం జారిపోతూ ఉంటుంది. పళ్ళు తీయక తప్పదని, ఎముకలో బిగించే ఇంప్లాంట్లకు ఎముక చాలదని చెప్పాను. ఆయన అడిగింది ఒక్కటే.

"తర్వాత నేను వాయించగలనా?"

మా డెంటల్ నర్సు గ్రేస్ తెనాలి అమ్మాయి. చర్చిలో పాడుతుంది కాబట్టి సంగీతమంటే చెవి అటే ఉంటుంది. ఆయన కుర్చీలో ఉండగానే నాతో తెలుగులో, "మేడమ్, ఆయన వాయించేది ట్రంపెట్ కాదంట, కార్నెట్ అంట. నేను ట్రంపెట్ అంటే రెండుసార్లు సరిదిద్దారు" అంది. రెండింటికీ తేడా నాకు తెలియదు. మా వైపు పెళ్ళి ఊరేగింపుల్లో బ్యాండు మేళం వాళ్ళు ఊదే ఇత్తడి బూరలన్నీ నాకు ఒకటే.

"కొన్ని వారాల్లో అలవాటవుతుంది. యూ విల్ బీ గ్రాండ్" అన్నాను. ఏం ఫర్వాలేదని ఈ దేశంలో ఎవరికైనా, దేనికైనా చెప్పగలిగే మాట అది. రికార్డులో వృత్తి అన్న చోట రిటైర్డ్ పోస్ట్‌మ్యాన్ అని రాసి ఊరుకున్నాను.

పళ్ళు తీసిన రోజే పెట్టే కట్టుడు పళ్ళ సెట్టును ఇమ్మీడియట్ డెంచర్ అంటారు. ముందుగానే నోటి అచ్చు తీసి ల్యాబుకు పంపుతాం. అక్కడ టెక్నీషియన్ ప్లాస్టర్ నమూనా మీద ఆ పళ్ళను చెక్కేసి, వాటి చోట కొత్తవి అమరుస్తాడు. మామూలు సెట్టునైతే మైనంలో అమర్చి, నోట్లో పెట్టి చూస్తాం. ఇక్కడ ఆ వీలు లేదు, పాత పళ్ళు ఇంకా నోట్లోనే ఉంటాయి. అందుకే పాత పళ్ళ తీరు పోకుండా చెక్కేముందు నమూనాకు ఒక నకలు తీసి ఉంచమని అడగడం మంచి పద్ధతి. నేను అడగలేదు.

డెనిస్ ముందు పళ్ళలో ఒకటి వంకర. కొంచెం లోపలికి తిరిగి, పక్కపన్ను చాటుకు పోయి ఉండేది. టెక్నీషియన్ ఫోన్ చేసి, ఉన్నదున్నట్టే పెట్టమంటారా, సరిచేయమంటారా అని అడిగాడు. సరిచేయమన్నాను. ఆలోచించడానికి అర నిమిషం కూడా తీసుకోలేదు. డెనిస్‌ను అడగాలని తోచనే లేదు.

నవంబరు మొదట్లో పళ్ళు తీసి సెట్టు పెట్టాను. అద్దం చేతికిస్తే ఆయన చాలాసేపు చూసుకున్నారు. "ఎన్నికల పోస్టరు మీద నాయకుడిలా ఉన్నాను" అని నవ్వారు. గ్రేస్ కూడా నవ్వింది. ఆ రోజు నా పని బాగా కుదిరిందనుకున్నాను.

మూడు వారాలకు తిరిగి వచ్చారు. చిగురు ఒరుసుకుంటోందా అని అడిగాను. లేదన్నారు. తిండి? బాగానే తింటున్నానన్నారు. "శబ్దం రావడం లేదు" అన్నారు.

తీసిన చోట ఎముక తగ్గుతుంది కాబట్టి సెట్టు వదులవడం మామూలే. లోపలివైపు కొత్త పూత వేసి బిగించాను. మళ్ళీ వచ్చారు. అంచులు అరగదీశాను. మళ్ళీ వచ్చారు. వచ్చిన ప్రతిసారీ నన్ను ఇబ్బంది పెడుతున్నందుకు క్షమించమనేవారు. చివరికి జనవరిలో గ్రేసే అంది, "వాయిద్యం తెమ్మని చెప్పొచ్చు కదా మేడమ్, ఏం జరుగుతుందో చూద్దాం." అన్నాళ్ళూ ఆ మాట నాకు తట్టనందుకు ఈ రోజుకీ సిగ్గుపడతాను.

నల్లపెట్టెలో తెచ్చారు. ట్రంపెట్ కంటే పొట్టిది. గొట్టం ఎక్కువ మలుపులు తిరిగి, మెల్లగా వెడల్పవుతూ పోతుంది. అందుకే దాని గొంతు గుండ్రంగా ఉంటుందని చెప్పారు. పెదవులకు ఆనించి ఊదారు. రెండు స్వరాలు పలికి, ఆ తర్వాత గాలి బుస్సుమని పక్కనుంచి పోయింది. మళ్ళీ ఊదారు. ఈసారి ఒకటే పలికింది. ఆయన ముఖం చూడలేక నేను పెదవులకు ఆనే మౌత్‌పీస్ వైపే చూశాను. అప్పుడు అర్థమైంది. వంకర పన్ను దగ్గర ఉన్న చిన్న పల్లంలో పై పెదవి కుదురుకునేది. నేను పెట్టిన తిన్నని పళ్ళు ఆ పల్లాన్ని పూడ్చేశాయి. పైగా మౌత్‌పీస్ ఒత్తిడికి సెట్టు ముందువైపు నొక్కుకుని, వెనకవైపు అంగిలిని వదిలేస్తోంది.

"చిన్నప్పుడు ఆ పన్ను పీకించాలని మా అమ్మ పట్టుబట్టింది" అన్నారు డెనిస్. "మా ఊరి బ్యాండు మాస్టారు వచ్చి ఒప్పుకోలేదు. దాని చోటు దానికి తెలుసు, కదపొద్దు అన్నారు."

ఆయనే ఇంకా చెప్పారు. న్యూ ఓర్లియన్స్‌లో జాజ్ మొదలైన రోజుల్లో బ్యాండును నడిపించింది కార్నెట్. పాట దాని దగ్గరుండేది. క్లారినెట్ పైన అల్లుకునేది, ట్రాంబోన్ కిందినుంచి మోసేది. తర్వాత మెరుపున్న శబ్దం కావాలనుకున్నారు, ట్రంపెట్ వచ్చింది. స్లైగోలో ఒక పబ్ వెనక గదిలో ఆదివారం మధ్యాహ్నాలు వాయించే తమ ఐదుగురి బ్యాండు మాత్రం పాత పద్ధతే పట్టుకుంది. పాట ఎత్తుకోవలసింది ఆయనే.

"ఆ తొలితరం పెద్దల్లో ఒకాయన చిగుళ్ళ జబ్బుతోనే పళ్ళు పోయి వాయించలేకపోయాడు. అది నాకు ఎప్పటినుంచో తెలుసు. అందుకే మొదటిరోజే మిమ్మల్ని అడిగాను."

నేను కుర్చీ ఆయనకు ఎదురుగా జరుపుకుని కూర్చున్నాను. పళ్ళు తీయడం తప్పలేదని, కొత్తవి అమర్చిన తీరు మాత్రం నా తప్పేనని చెప్పాను. నకలు ఉంచలేదని కూడా చెప్పాను. ఆయన తలూపి, వాయిద్యం తుడిచి పెట్టెలో పెట్టుకున్నారు. జరిగినదంతా రికార్డులో రాసి ప్రిన్సిపల్‌కు చూపించాను. వైద్యపరంగా ఇందులో లోపమేమీ లేదు, ఇంతగా రాయనవసరం లేదన్నారాయన. నేను మాత్రం రాసింది తీసేయలేదు.

బ్యాండువాళ్ళు తీసిన ఒక పాత ఫోటోలో ఆయన నవ్వుతున్నారు. దాన్ని పెద్దది చేయించి, వంకర పన్నుతో రెండో సెట్టు చేయించాను. ఫోటోలో వంకర కనిపిస్తుంది కానీ ఎంత లోతో కనిపించదు. నాలుగుసార్లు మార్చాం. కింది స్వరాలు వచ్చాయి. పది నిమిషాలకు పెదవి అలసిపోయేది. పై స్వరాలు రాలేదు. మార్చి నెలాఖరుకు ఆయనే, ఇక చాలు డాక్టర్ అన్నారు.

ఏప్రిల్‌లో ఒక ఆదివారం గ్రేసూ నేనూ ఆ పబ్‌కు వెళ్ళాం. కొత్తగా చేరినామె ట్రంపెట్ వాయిస్తోంది, బాగానే వాయిస్తోంది. డెనిస్ గోడవారగా టీ ముందు పెట్టుకుని కూర్చున్నారు. మమ్మల్ని చూసి కుర్చీలు లాగారు. ఒక పాట మధ్యలో కార్నెట్ మీటలు నొక్కే ఆయన కుడిచేతి మూడువేళ్ళూ బల్ల అంచుమీద కదులుతున్నాయి. నేను చూడటం గమనించి చెయ్యి ఒళ్ళోకి తీసుకున్నారు. ఆ వేసవిలో డెనిస్ కార్నెట్‌ను అమ్మేశారని తర్వాత తెలిసింది. ఆర్నెల్లకోసారి చెకప్‌కు మాత్రం నా దగ్గరికే వచ్చేవారు. సంగీతం ఊసు ఎత్తేవారు కాదు.

ఆ పళ్ళతో మనిషి ఏంచేస్తాడో తెలియకుండా అవి వంకరని తీర్పు చెప్పే హక్కు డెంటిస్టుకు లేదు. నాకది ముప్పై ఏళ్ళు పనిచేశాక తెలిసింది. తర్వాత రిటైరయ్యేదాకా ముందుపళ్ళు తీయవలసిన ప్రతి రోగినీ ఏం వాయిస్తారు, ఏం పాడతారు, రోజంతా ఎవరితో మాట్లాడతారు అని అడిగి రాసుకున్నాను. నమూనాకు నకలు తీయించి, పేరు రాసి దాచాను. సరిచేయాలా వద్దా అన్నది రోగినే అడిగాను. ఆ నకళ్ళు తర్వాత ఇద్దరు ముగ్గురికి అక్కరకొచ్చాయి. డెనిస్‌కు రాలేదు.