పొగ ఎటు పోతోంది

ఆ రోజుల్లో మంచి కబురైనా చెడ్డ కబురైనా మా ఇంటికి ముందుగా తెచ్చేది మా చిన్నత్తే. చంద్రపూర్‌లో రంగుల కార్ఖానాలో నాకు పని దొరికిందన్న కబురూ ఆమే తెచ్చింది. నేను బడి ముఖం చూడనిదాన్ని. అమ్మ దగ్గర దిద్దుకున్న తెలుగు అక్షరాలే నా చదువు. కార్ఖానా గోడల మీది మరాఠీ బోర్డులు నాకు బొమ్మలతో సమానం. (ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. బోర్డు ముందు కాసేపు నిలబడి తల ఊపేదాన్ని.)

రంగుల్లో కలిపే నానో పొడిని తూచి ఇవ్వడం నా పని. ఆ రేణువులు ఎంత సన్నవంటే, గాలిలో తేలుతున్నా కంటికి ఆనవు. అందుకని గాలిని లోపలికి లాగే అద్దాల గూటిలోనే సంచి విప్పాలి, మాస్కు తీయకూడదు, చీపురు పట్టకుండా తడిగుడ్డతోనే తుడవాలి. ఇవన్నీ నేర్పింది మావుషి. మరాఠీలో పిన్నిని అలా పిలుస్తారు. కోఠారి నుంచి రోజూ బస్సులో వచ్చే ఆ తెలుగావిడను కార్ఖానా అంతా అలాగే పిలిచేది. ఆమె భర్త రాళ్లు పిండిచేసే మిషను దగ్గర పనిచేసి, దగ్గి దగ్గి పోయాడు. "మా ఆయన తిన్నది కండ్లకు కనవడే దుమ్ము బిడ్డా. ఇది కనవడనిది. దీనికి ఇంకింత భయపడాలె" అనేది.

రోజూ పొద్దున్నే మావుషి ఆ గూడు ముందు అగరుబత్తి వెలిగించి, పొగనే చూస్తూ నిలబడేది. ఎంత భక్తి అనుకుని నేనూ పక్కన నిలబడి కళ్లు మూసుకుని దండం పెట్టేదాన్ని. ఒక శుక్రవారం గూడు మీద మందారపువ్వు కూడా పెట్టాను. (మావుషి దాన్ని తీసి కొప్పులో పెట్టుకుంది.)

ఒకరోజు మావుషి వచ్చే కోఠారి బస్సు దారిలో ఆగిపోయింది. పూజ తప్పకూడదని నేనే అగరుబత్తి వెలిగించాను. దేవుడి ముందు మూతి కప్పుకోవడం మర్యాద కాదని మాస్కు గడ్డం కిందికి లాగి, కళ్లు మూసుకున్నాను. పొగ నా మొహం మీదికే వచ్చింది. స్వామి కరుణించాడని మురిసిపోయి, మాస్కు సంగతి మరిచి, సంచి విప్పి తూచడం మొదలుపెట్టాను.

మావుషి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

"పొగ ఎటు పోతున్నదే?"

"నా దిక్కే వస్తున్నది మావుషి. ఇయ్యాల దేవుడు నన్నే చూసిండు."

"ఏ దేవుడు?"

"మిషన్ దేవుడు. నువ్వు రోజు మొక్కుతవు గద."

ఆమె సగం నవ్వి ఆపేసింది. నన్ను రెక్క పట్టి బయటికి లాక్కొచ్చి, నల్లా కింద మొహం కడిగించి, "పొగ లోపలికి పోతదా లేదా అని చూసుడు అది. పోకుంటే ఫిల్టర్ జామైనట్టు. బోర్డు మీద రాసిలేదా?" అంది.

"నాకు మరాఠీ రాదు మావుషి."

ఆమె మాస్కు బిగించుకుని, ఒక్కతే లోపలికి వెళ్లి, మధ్యాహ్నం దాకా గదంతా తడిగుడ్డతో తుడిచింది. నేను తలుపు అద్దంలోంచి ఆమె వంగిన వీపు చూస్తూ కూర్చున్నాను. కార్ఖానా యజమాని సేఠ్ నన్ను పంపించెయ్యమంటే, "చెప్పనిది నేను, తప్పు నాది" అంది. మర్నాడు తనే ఆసుపత్రికి తీసుకెళ్లింది. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. "మా ఆయనకు గూడ మొదట గట్లనే అన్నరు" అంది. తర్వాత ఎన్నాళ్లో, మిరపకాయ ఘాటుకు నేను దగ్గినా ఆమె చేతిలో పని ఆగిపోయేది. గోడ మీద మరాఠీ పక్కనే నా చేత తెలుగులో రాయించింది: పొగ లోపలికి పోతేనే సంచి విప్పాలి.

పోయిన వానాకాలం చిన్నత్తే వచ్చి చెప్పింది, మావుషి ఇక లేదని. చివరికి దగ్గు ఆమెకే పట్టింది. ఏ దుమ్ము వల్లనో ఏ డాక్టరూ చెప్పలేదు. నా ఊపిరి మాత్రం, దేవుడి దయవల్ల, ఆమె దయవల్ల, ఇంకా నిండుగానే ఉంది. ఇప్పుడు దేవుడి గదిలో అగరుబత్తి వెలిగించి, పొగ ఎటు పోతోందో చూసి, కిటికీ తీసి, కళ్లు తెరిచే దండం పెడుతున్నాను. మిషనుకు మొక్కిన ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఆ నవ్వూ సగంలోనే ఆగిపోతుంది. మీరు అగరుబత్తి వెలిగించినప్పుడు, ఆ పొగనే చూస్తూ మా ఊపిరి కాపాడిన మావుషిని ఒక్కసారి తలుచుకోండి.